కుమ్మరి గాడిద, ఉద్దానం నీళ్ళు

శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో ఏ ఊరెళ్ళినా, కవిటి గానీ సోంపేట గానీ మందస గానీ, కిడ్నీ జబ్బుకి ఒక్కో మనిషి దగ్గర ఒక్కో కారణం రెడీగా ఉంటాది. నూతి నీళ్ళు అంటాడొకడు, ఆ నీళ్ళలో సిలికా అంటాడు ఇంకొకడు, జీడితోటలకి కొట్టిన మందులంటారు, ఎండలో చాకిరీ చేసి నీళ్ళు తాగకపోడం అంటారు, ఒళ్ళు నొప్పులకని షాపులో తెచ్చి మింగే బిళ్ళలంటారు, వంశంలోనే ఉందని కూడా అనీస్తారు. షుగర్ లేదు, బీపీ లేదు, నలభై యాభై ఏళ్ళకే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ దెబ్బతిందని చెప్పే లెక్క) పెరిగిపోయి డయాలసిస్ మీదకొచ్చీడం, ఇదీ ఇక్కడి కథ. డాక్టర్లు ఈ జబ్బుకి పెట్టుకున్న పేరులోనే 'కారణం తెలీని' అన్న మాట ఉంది. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే కూలి జనాన్ని తినేస్తోంది.

నేను డాక్టర్ని కాదు, సైన్సు చెప్పడానికి కూచోలేదు. అందరూ "అసలు కారణం ఒక్కటి చెప్పండి" అంటారు కదా, ఆ ఒక్కటి అన్న దగ్గరే నాకు పేచీ.

మన తెలుగువాడే అన్నంభట్టు, తర్కసంగ్రహం రాసినాయన, కారణం అంటే ఏటో ఒక్క ముక్కలో తేల్చీసాడు: కార్యనియతపూర్వవృత్తి. అంటే పని జరగడానికి ముందు తప్పనిసరిగా ఉండేది. 'ముందు ఉండేది' అని ఊరుకోకుండా 'తప్పనిసరిగా' అని ఎందుకు పెట్టాడంటే గాడిద కోసం. కుమ్మరి కుండ చేసే ముందు మట్టి మోసుకొచ్చిన గాడిద కూడా అక్కడే ఉంటాది మరి, అదీ కారణమేనా? కాదు, గాడిద లేకపోయినా బండి మీదో నెత్తి మీదో మట్టి వస్తాది, కుండ అవుతాది. సరే, మరి కుమ్మరి వాళ్ళ నాన్న సంగతేటి? ఆయన లేకపోతే కుమ్మరే లేడు, ముందు తప్పనిసరిగా ఉండాల్సిన మనిషి. ఆయన్ని తప్పించడానికి తర్కం వాళ్ళు ఇంకో మాట కలిపారు, 'అన్యథాసిద్ధం కానిది' అని, అంటే ఇంకో దాని ద్వారా వచ్చి ఊరికే పక్కన చేరింది కాకూడదని. ఆయన కొడుక్కి కారణం, కుండకి కాదు, అక్కడితో సరి. నాకీ వాదన భలే ఇష్టం, పెద్ద పెద్ద పండితులు కూచుని కుమ్మరి వాళ్ళ నాన్నని ఎలా బయటికి పంపాలా అని బుర్ర బద్దలు కొట్టుకున్నారంటే చూడండి.

కానీ ఈ కొలతబద్ద తీసుకెళ్ళి ఉద్దానంలో పెడితే ఒక్కటీ నిలబడదు. ఆ నూతి నీళ్ళు తాగనోడు ఒక్కడికి జబ్బు వచ్చినా నీళ్ళు 'తప్పనిసరి' కాదు, ఎండలో పని చెయ్యనోడు ఒక్కడికి వచ్చినా ఎండా కాదు, అలా పోతే సిగరెట్టు కూడా కేన్సర్ కేసులోంచి బయటపడిపోద్ది, తాగనోళ్ళకీ కేన్సర్ వస్తాది కదా. కాబట్టి తప్పనిసరి అన్నది కుండలకి సరిపోద్ది గానీ ఒంటికి సరిపోదు.

స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ ఇంకో దారిలో వచ్చాడు. 1739లో అచ్చయిన పుస్తకంలో ఆయన అడిగింది ఏటంటే, ఒక బంతి ఇంకో బంతికి తగిలి అది దొర్లింది, నువ్వు చూసింది ఒకదాని తర్వాత ఒకటి జరగడమే కదా, మధ్యలో 'దొర్లించడం' అనేది ఎక్కడ కనపడింది, అదంతా పదేపదే చూసి నీ మనసుకి పట్టిన అలవాటే అని. బాగుంది, కాదనలేం. కానీ డయాలసిస్ బెడ్డు పక్కన కూచున్న పిన్నికి ఈ ముక్క చెప్తే చెప్పు తీసుకుంటాది.

నాకు పనికొచ్చిన మాట ఇంగ్లండ్ తత్వవేత్త కాలింగ్‌వుడ్‌ది, 1940లోది. మలుపులో కారు జారి బోల్తా కొట్టింది. డ్రైవరు స్పీడు వల్ల అంటాడు, రోడ్లు చూసే ఇంజనీరు రోడ్డు వాలు సరిగ్గా లేదంటాడు, కారు తయారుచేసేవాడు డిజైన్లో లోపం అంటాడు. ముగ్గురిలో ఎవడూ అబద్ధం చెప్పట్లేదు, ఎవడి చేతిలో ఏది మార్చే వీలుందో దాన్ని వాడు కారణం అంటున్నాడు. ఇప్పుడు మావోళ్ళ లిస్టు మళ్ళీ చదవండి. నీళ్ళు మార్చగలిగేది సర్కారు, బిళ్ళలు ఆపించగలిగేది డాక్టరు, మందు కొట్టడం తగ్గించగలిగేది రైతు, మిట్టమధ్యాహ్నం పని ఆపగలిగేది కూలి పెట్టే ఆసామి. వీటిలో రెండు మూడు కలిసి ఒకే మనిషి మీద పడొచ్చు కూడా, ఒకటి నిజమైతే మిగతావి అబద్ధం అవ్వక్కర్లేదు.

ఇదే లెక్కన 'పూర్వజన్మ పాపం' అన్న మాట మీద నాకు ఒళ్ళు మంట. కర్మ సిద్ధాంతం పెద్దది, దాని జోలికి పోను, కానీ మంచంలో ఉన్నోడి మొహం మీద ఎవరి చేతా మార్చడానికి వీల్లేని కారణం తెచ్చి పెట్టడం, అదేం ఓదార్పు?

పూర్తిగా తేలేదాకా ఆగాలా అంటే అక్కర్లేదు. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చావులన్నీ లెక్క తీసి బ్రాడ్ స్ట్రీట్ పంపు మీద వేలు పెట్టాడు, దాని హ్యాండిల్ పీకించాడు. కలరా క్రిమిని జర్మనీ డాక్టరు రాబర్ట్ కాక్ కలకత్తాలో వేరు చేసి చూపించింది 1884లో, ముప్పై ఏళ్ళ తర్వాత. అయితే హ్యాండిల్ పీకేనాటికే జనం చాలామంది పారిపోయి జబ్బు తగ్గుముఖం పట్టింది, కాబట్టి ఆ హ్యాండిల్ వల్ల ఎంత తగ్గిందో గట్టిగా చెప్పలేం. మనకీ రేపు ఇదే చిక్కు వస్తాది. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ ఆసుపత్రితో పాటు హిరమండలం నుంచి పైపుల్లో వంశధార నీళ్ళిచ్చే స్కీమ్ ఓపెన్ చేశారు. పదేళ్ళకి జబ్బు తగ్గిందనుకోండి, నీళ్ళ వల్లే అని ఎలా అంటాం, ఈలోపు కుర్రోళ్ళు తోట పనులు మానేసి హైదరాబాదో చెన్నయ్యో ఎలిపోయి ఉంటారు, బిళ్ళలు మింగడం తగ్గి ఉండొచ్చు, ఇందులో కుమ్మరి ఎవరో గాడిద ఏదో విడదీయడం అంత ఈజీ కాదు. అలాగని నీళ్ళు ఇవ్వడం మానీమని ఎవడూ అనడు కదా.

ఇదంతా మావయ్యకి చెప్పి, ఎండెక్కాక జీడితోటకి వెళ్ళకండి, వెళ్తే నీళ్ళ బాటిల్ పట్టుకెళ్ళండి అన్నాను. "ఎండ వల్లే అని తేలిందేటి?" అని తువ్వాలు నెత్తికి చుట్టుకుని ఎలిపోయాడు.