చర్మ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత మగవాళ్లు ఎండలో మరిచిపోయే చోట్లు

కుట్లు విప్పాక చాలామంది మగవాళ్లు ఆ మచ్చ మీద మాత్రం శ్రద్ధగా క్రీము రాసుకుంటారు. చర్మ క్యాన్సర్‌లో బేసల్ సెల్, స్క్వామస్ సెల్ అనే రకాలు ఒకసారి వచ్చినవాళ్లకు రెండోది మచ్చ దగ్గరే రావాలని లేదు. అన్నేళ్లూ అదే ఎండకు కాగిన చెవులు, మెడ వెనక, కింది పెదవి, బట్టతల ఉన్నాయి కదా!

మన విజయవాడలో ఎండను వేడితో కొలుస్తాం. చర్మాన్ని చెడగొట్టే అతినీలలోహిత కిరణాలకు వేడితో పనిలేదు. డిసెంబరు మధ్యాహ్నం గాలి చల్లగా ఉన్నా అవి బలంగానే ఉంటాయి, పల్చటి మబ్బు వాటిని ఆపదు. మీ నీడ మీకంటే పొట్టిగా ఉందంటే ఒళ్లు కప్పుకోవాల్సిందే.

గుంటూరు మిర్చి యార్డులో, కల్లాల్లో తలకు చుట్టే తెల్ల తువ్వాలును నమ్ముకోవద్దు. తడిపి చుట్టుకుంటే హాయిగా ఉంటుంది గానీ, తడిసిన పల్చటి నూలులోంచి కిరణాలు ఇంకా ఎక్కువ దిగుతాయి. వెలుతురుకు పట్టి చూడండి, అవతలి వెలుగు కనబడితే ఆ బట్ట చాలదు. క్యాపు చెవుల్ని, మెడను వదిలేస్తుంది. చుట్టూ మూడంగుళాల అంచున్న టోపీ కావాలి, లేదా చెవుల మీదుగా మెడకు దిగేలా ముదురు రంగు దళసరి కండువా. బండి మీద హెల్మెట్ ఉన్నా మెడ వెనక, చేతుల పైభాగం బెంజి సర్కిల్ సిగ్నల్లో ఎండకే ఉంటాయి. కారు పక్క అద్దంలోంచి కూడా యూవీఏ (అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) వస్తుంది, డ్రైవరుకు కుడి చెంప, కుడి చెయ్యి చూసుకోవాలి.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30కి తగ్గకూడదు, యూవీఏను ఆపేదై ఉండాలి. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు ముఖానికి, మెడకు. చెవులకు, బట్టతలకు వేరే. బయల్దేరే పావుగంట ముందు రాసి, రెండు గంటలకోసారి, చెమట తుడిచినప్పుడల్లా మళ్లీ రాయాలి. రోజూ రెండుసార్లు ఇలా రాస్తే 50 గ్రాముల ట్యూబు నెల తిరక్కుండా అయిపోవాలి. మూడు నెలలు వచ్చిందంటే చాలినంత రాయడం లేదన్నమాటే. కళ్లు మండితే కళ్ల చుట్టూ జింక్ ఆక్సైడ్ స్టిక్ వాడండి, పెదవికి ఎస్‌పీఎఫ్ ఉన్న బామ్. ట్యూబును బండి డిక్కీలో ఉంచితే వేడికి పాడవుతుంది.

బీపీకి హైడ్రోక్లోరోథయాజైడ్ వాడేవాళ్లు ఆ సంగతి చర్మ డాక్టరుకు తప్పక చెప్పాలి. అది చర్మం ఎండను తట్టుకునే శక్తిని తగ్గిస్తుంది. సొంతంగా మాత్రం మానొద్దు.

నెలకోసారి రెండు అద్దాలతో వీపు, చెవుల వెనక చూసుకోండి. అరికాళ్లు, గోళ్లు కూడా, ఎందుకంటే అక్కడ వచ్చే మెలనోమా అనే మరో రకం చర్మ క్యాన్సర్‌కు ఎండతో సంబంధం లేదు, క్రీము దాన్ని ఆపదు. నాలుగు వారాలైనా మానని పుండు, చెక్కు ఊడి మళ్లీ మళ్లీ రక్తం కారే మచ్చ కనబడితే తర్వాతి చెకప్ దాకా ఆగకండి.