కొంగ కాళ్లు, తీతువు గుడ్లు

హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ పెద్దచెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన తరువాత, ఆదివారం ఉదయాల్లో పొడవాటి లెన్సుల కెమెరాలతో గట్టు మీదికి వచ్చేవారు బాగా పెరిగారు. వారిలో చాలామందికి కావలసినవి ఫ్లెమింగోలు. అవి కనిపించకపోతే ‘ఈ రోజు ఏమీ లేవు’ అనుకుంటూ వెళ్లిపోతారు. మా కాలనీవారు కమ్యూనిటీ హాలు పక్క గదిలో నడుపుతున్న ప్రకృతి కేంద్రం మీద నాకు గౌరవం కలిగింది ఈ విషయంలోనే. ‘ఏమీ లేవు’ అన్న మాట అక్కడ చెల్లదు.

కేంద్రం అంటే పెద్ద ఏర్పాటేమీ కాదు. కొన్ని బైనాక్యులర్లు, గోడకు పక్షుల పటాలు, గాలికి రాలిపడిన గిజిగాడి గూడు ఒకటి, ఎవరు ఏ రోజు ఏ పక్షిని ఎక్కడ చూశారో రాసి ఉంచే ఒక రిజిస్టరు, అంతే. దీనిని చూసుకునే విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడిని అందరం ‘సార్’ అనే పిలుస్తాం. కొత్తవారెవరైనా కెమెరా ఎత్తితే ఆయన మెల్లగా, “ఫొటో తరువాత తీసుకోవచ్చమ్మా, ముందు దాని కాళ్లు చూడండి” అంటారు. నిజంగానే కొంగల సంగతి కాళ్ల దగ్గర మొదలవుతుంది. చిన్న తెల్లకొంగకు ముక్కు, కాళ్లు నలుపే గానీ వేళ్లు మాత్రం పచ్చని పసుపు. ఆ పాదంతో బురదను కదిలించి, బెదిరి పైకి వచ్చిన చేపపిల్లను అందుకుంటుంది. గేదెల వెంట తిరిగే కొంగకు ముక్కు పసుపు, జతకట్టే కాలంలో తలా మెడా నారింజ రంగుకు తిరుగుతాయి. ఇక గుడ్డికొంగ గట్టున కూర్చున్నంతసేపూ మట్టిలో మట్టిగా ఉండి, ఎగిరితే గాని తన తెల్లని రెక్కలను చూపించదు.

నన్ను అన్నింటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది తీతువు. రాత్రివేళ తీతువు కూస్తే కీడని మన ఇళ్లలో పెద్దలు ఇప్పటికీ అంటారు. కానీ ఆ పక్షి గూడు కట్టదు. కంకర నేలలో చిన్న గుంత చేసి, అందులో సాధారణంగా నాలుగు గుడ్లు, మొనలు లోపలికి ఉండేటట్లు పెడుతుంది. మట్టిరంగు మీద నల్లని మచ్చలున్న ఆ గుడ్లు రాళ్లలో ఎంతగా కలిసిపోతాయంటే, సార్ వేలితో చూపించిన తరువాత కూడా, చూపు ఒకసారి పక్కకు తిప్పితే మళ్లీ వెతుక్కోవలసిందే. మండువేసవిలో తల్లిపక్షి నీటి దగ్గరకు వెళ్లి, పొట్ట ఈకలను తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. కుక్కగానీ మనిషిగానీ అటు వచ్చినప్పుడు అది గొంతు చించుకుని అరిచే అరుపునే మనం అపశకునమంటున్నాం. మన చుట్టూ వెంచర్ల పేరుతో చదును చేసి, రాళ్లు పాతి, ఏళ్ల తరబడి ఖాళీగా వదిలేసిన ప్లాట్లు దానికి బాగానే పనికి వస్తున్నాయి. అయితే పునాది తవ్వడం మొదలైన రోజున ఎవరికి కీడు జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

పాముల విషయంలోనూ ఇదే తంతు. జెర్రిపోతు నాగుపాముతో జతకడుతుందన్న నమ్మకం చదువుకున్నవారిలో కూడా ఉంది. అవి వేరువేరు జాతులు, పైగా జెర్రిపోతుకు విషం లేదు, ఎలుకలను తింటుంది. కేంద్రంలో ఈ మాట చెప్పిన తరువాత మా వీధిలో కర్రలు వెతకడం తగ్గి, పాములు పట్టేవారికి ఫోన్ చేయడం పెరిగింది.

రిజిస్టరు గురించి ఇంకొంత చెప్పాలి. పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతటా తిరిగి పక్షుల సర్వే చేశారు. 1980లో ఈ నగరంలో పక్షి వీక్షకుల సంఘం ఏర్పడింది. అప్పుడు ఏయే పక్షులు ఎక్కడ ఉండేవో ఈనాడు పోల్చి చూడగలుగుతున్నామంటే, మామూలు పక్షులను కూడా మామూలువని వదిలేయకుండా వారు రాసిపెట్టినందువల్లనే. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతటా జరిగే పక్షుల లెక్కింపులో మా పిల్లలు కూడా పాల్గొంటారు; ఒకచోట కనీసం పదిహేను నిమిషాలు నిలబడి, కాకులతో సహా కనిపించిన ప్రతిదానినీ లెక్కపెట్టి, పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ అనే వెబ్‌సైటులో ఎక్కించాలి. కాకులను లెక్కపెట్టడానికి మొదట నవ్వినవారే ఇప్పుడు సంఖ్య దగ్గర పట్టుబట్టి వాదించుకుంటున్నారు.

కేంద్రం మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. గుమ్మం మీది బోర్డుపై ఫ్లెమింగో బొమ్మ వేయించారు. దాని స్థానంలో తీతువును వేయించమని కమిటీ సమావేశంలో అడిగాను. ఇంటి ముందు తీతువు బొమ్మ ఎవరైనా పెట్టుకుంటారా అని ఒక పెద్దాయన ఆక్షేపించారు. వచ్చే సమావేశంలో మళ్లీ అడుగుతాను.