మడకశిరలో మన బృందగానం

పాటల పోటీల్లో మన బడికి వచ్చిన షీల్డుల గురించి, పూర్వ విద్యార్థుల సమ్మేళనం కోసం తెస్తున్న ఈ సంచికలో ఎవరో ఒకరు రాస్తారు. నేను మాత్రం ఏ షీల్డూ రాని మడకశిర ప్రయాణం గురించి రాస్తాను. నలుగురితో కలిసి పాడటమంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది.

1988 జనవరి, సంక్రాంతి సెలవులు అయిపోయిన వారం. అక్కడి బడి వార్షికోత్సవానికి రమ్మని పిలిచారు. అనంతపురంలో పెరిగిన మాకు మడకశిర అంటే జిల్లా పటంలో అట్టడుగున, కర్ణాటకలోకి చొచ్చుకుపోయినట్టు కనిపించే ముక్క. ఆ వైపు చాలా ఇళ్ళలో కన్నడమే మాట్లాడతారని మా సంగీతం టీచర్ చెబితేనే తెలిసింది. అందుకని ఆమె ఒక పురందరదాసు కీర్తన నేర్పారు. "సంగీతంలో మీరు మొట్టమొదట నేర్చుకున్న సరళీ వరసలు ఆయన పెట్టినవే. ఆయన భాషలో ఒక్క పాటైనా రాకుంటే ఎట్లప్పా?" అన్నారు.

భాష తొందరగానే పట్టుబడింది. టెన్షనంతా శ్రుతితోనే, అంటే పాట ఏ ఎత్తులో ఎత్తుకోవాలన్న దానితోనే. ఆడపిల్లలకు ఐదు శ్రుతి హాయిగా ఉండేది. గొంతు మారుతున్న మగపిల్లలం పైషడ్జం, అంటే పై 'స' దగ్గరికి వచ్చేసరికి తడబడేవాళ్ళం. టీచర్ కాస్త కిందిదైన నాలుగు శ్రుతి పెట్టి, గొంతు మారిన వాళ్ళను కింది స్థాయిలో పాడమన్నారు. "పక్కవాళ్ళ గొంతు వినపడలేదంటే నువ్వు గట్టిగా పాడుతున్నావని రా" అని రోజూ చెప్పేవారు.

పెనుకొండలో ఉగ్గాని, బజ్జీ తిని బస్సు మారాం. తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఆ ఊరి కోటను చూడటానికి టైము లేకపోయింది. అది ఇప్పటికీ నాకు వెలితే.

సాయంత్రం మైదానం నిండింది. చలికి కంబళ్ళు కప్పుకుని కూర్చున్నారు. తెలుగు పాటలు శ్రద్ధగా విన్నారు, చప్పట్లు కొట్టారు. పురందరదాసు కీర్తన ఎత్తుకోగానే ముందు వరసలోని ఆడవాళ్ళు గొంతు కలిపారు. భజనల్లో పాడి పాడి వాళ్ళకు అలవాటైన నడక మాకంటే బాగా నిదానం. మేం ముందుకు పోతున్నాం, వాళ్ళు వెనకబడుతున్నారు. టీచర్ హార్మోనియం మీది నుంచి ఒక చెయ్యి ఎత్తి, తబలా అబ్బాయికి తగ్గించమని సైగ చేశారు. మేమూ గొంతు తగ్గించాం. అప్పుడు వినపడింది, మైదానమంతా పాడుతున్న పాట. టీచర్ రోజూ చెప్పిన మాట అంతమంది మధ్య నాకు ఒంటబట్టింది. "ఇన్నొందు సల హాడ్రమ్మా", ఇంకొకసారి పాడండమ్మా అని ఒక అవ్వ కన్నడంలో అడిగింది. రెండోసారి పల్లవి వాళ్ళు ఎత్తుకున్నారు, మేం అందుకున్నాం.

రాత్రి అక్కడి మాస్టారి ఇంట్లో రాగిముద్ద, అనపగింజల పులుసు. ఆ పులుసు రుచి బృందంలో ఎవరూ మరిచిపోయి ఉండరు. భోజనాలయ్యాక మాస్టారి అమ్మగారు ఆ కీర్తనలో మాకు రాని చరణం ఒకటి పాడి, మేం తప్పులు లేకుండా రాసుకునే దాకా వదల్లేదు. ఆ ఏడాది నుంచి మన బడిలో ఆ పాటను ఆ చరణంతో, వాళ్ళ నడకలోనే పాడాం.

బృందంలో పాడినవాళ్ళందరూ సమ్మేళనానికి ముందురోజు సాయంత్రమే రండి. చరణాలన్నీ ఒకసారి కలిపి పాడుకుందాం. శ్రుతిపెట్టె నేను తెస్తాను.