పోకా సాల్

మాడ్రిడ్‌లో లావాపియెస్ దగ్గర ఒక హోటల్ వంటింట్లో నేను చేరి మూడో వారం. ఇక్కడ మధ్యాహ్న భోజనం రెండింటికి. ఈలోపు లెంతెహాస్ ఉడికిపోవాలి, అంటే పొట్టు తీయని మసూర్‌తో చేసే పులుసు లాంటిది. మా హెఫా, అంటే వంటింటి పెద్ద, గరిటెతో రుచి చూసి "తియెనె పోకా సాల్" అని అటు వెళ్లిపోయింది. పోకో అంటే కొంచెం. ఉప్పు కొంచెం ఉంది, ఇంకేం, సరిపోయిందనుకుని ప్లేట్లు పంపేశాను. చప్పిడి పప్పు! నాలుగు ప్లేట్లు వెనక్కొచ్చాయి.

తర్వాత ఉప్పు డబ్బా ముందు పెట్టుకుని ఆవిడే చెప్పింది. "ఉన్ పోకో దె సాల్" అంటే కాస్త ఉప్పు. "పోకా సాల్" అంటే ఉప్పు చాల్లేదని. చిటికెడు ఉప్పు అంతే ఉంటుంది, మాట మాత్రం తిరగబడుతుంది. ఇదేం గోల అనుకున్నాను గానీ, మనమూ చేసేది అదే. "డబ్బు కొంచెం ఉంది" అంటే ధైర్యం, "కొంచెమే ఉంది" అంటే టెన్షన్. మనకి ఒక్క ఏకారం చేసే పని వాళ్లకి ఆ "ఉన్" చేస్తోంది.

చాలాతో మాత్రం ఇప్పటికీ తంటానే. చాలా అలసట, చాలా నీళ్లు, చాలా పనిచేశాను, మనకి అన్నిటికీ ఒకే మాట. వీళ్లకి అలసిపోయానంటే "ముయ్ కన్సాదో", వేడి ఎక్కువైతే "ముచో కాలోర్", నీళ్లయితే "ముచా ఆగ్వా". ఆగ్వాకి ముందు "ఎల్" పెడతారు, అది పురుషలింగం గుర్తు. అయినా స్త్రీలింగంలో ముచా అనాలట! పోనీ "అలసిపోయావా" అని అడిగితే ఒక్కమాటలో "ముయ్" అందామా అంటే కుదరదు, అక్కడ "ముచో" అనాలి.

ఇంత తిప్పలు పెట్టిన భాషే ఆంతోన్ మార్తీన్ మార్కెట్లో మాంసం కొట్టు దగ్గర నన్ను తెనాలి తీసుకెళ్లింది. నా ముందున్న పెద్దావిడ కైమా "క్వార్తో ఇ మితాద్" ఇమ్మంది. పావు, అందులో సగం. పావుకిలో మీద అరపావు, మొత్తం 375 గ్రాములు. నా వంతు రాగానే నేనూ అదే అడిగాను. కాటా 395 చూపించింది.

"సె పాసా ఉన్ పొకీతో," అన్నాడు కొట్టాయన, కాస్తంత ఎక్కువొచ్చింది, ఉంచెయ్యనా అని.

"ఉన్" ఉంది కదా. ఉంచమన్నాను.