కనబడని తోరణం కింద

శ్రావణ శనివారం గండి ఆంజనేయస్వామి గుడికి పోవడమంటే ఏమిటో ఈ ప్రాంతం వాళ్లకు నేను చెప్పనక్కరలేదు. కడపలో ఎక్కినప్పుడే బస్సులో నిలబడడానికి చోటు లేదు; పెండ్లిమర్రి వచ్చేసరికి ఊపిరి సలపలేదు. అటువంటి బస్సును నందిమండలం దాటాక, ఊరు గాని చెట్టు నీడ గాని లేని చోట డ్రైవరు రోడ్డు పక్కకు తీసి ఆపి, ఎవరికీ ఒక్క మాటైనా చెప్పకుండా దిగిపోయాడు. మధ్యాహ్నం లోపల దర్శనం ముగించుకొని సాయంత్రానికి అనంతపురం బస్సు అందుకోవాలని లెక్కలు వేసుకొని బయలుదేరిన నాకు ఒళ్లు మండింది. ఇంజను ఆగలేదు, టైరు పేలలేదు, ఈయనకేమొచ్చిందని లోపల తలా ఒక మాట విసురుతుండగా, కిటికీ పక్కనున్న ముసలామె మాత్రం "ఏందో ఇనపడింటాది లే నాయనా" అని ఒళ్లోని పూల మూట సర్దుకుంది.

ఆమె అన్నదే నిజమైంది. నేను దిగి వెనక్కి పోయి చూసేటప్పటికి డ్రైవరు ఇనుప రాడ్డుతో వెనక చక్రం నట్లను ఒక్కొక్కటిగా కొట్టి, చెవి ఒగ్గి వింటున్నాడు. బిగువుగా ఉన్న నట్టు ఖంగుమంటుంది. వదులైనది మొద్దుగా పలుకుతుంది. వరుసగా రెండు మొద్దుగా పలికాయి. వాటి దగ్గర నుంచి చక్రపు రేకు మీదికి తుప్పు రంగు చారలు సన్నగా పాకి ఉన్నాయి. నట్టు కదులుతూ ఇనుమును అరగదీస్తే పడే గుర్తులవని ఆయన చూపించేవరకు నాకవి మామూలు మురికిగానే కనబడ్డాయి. ఇట్లే పోయి ఉంటే ఏమయ్యేదని అడిగాను. "మిగతావి గూడా వదులైతాయి సార్. యాడో ఒక మలుపులో చక్రం దాని దారి అది సూసుకుంటాది" అని, స్పానరు మీద కాలు పెట్టి బరువంతా మోపి బిగిస్తూనే జవాబిచ్చాడు. బస్సు మళ్లీ కదిలాక లోపలున్న వాళ్లలో ఈ సంగతి అడిగినవారు లేరు; ఆలస్యం గురించి మాత్రం వేంపల్లె దాకా మాట్లాడుకున్నారు.

వేంపల్లె నుంచి గండికి ఆటోవాళ్లు ఆ ఒక్క రోజు పాడే పాట వేరు. గుడి ముందు టెంకాయ 50 రూపాయలు. దాని మీద ఇక చెప్పను.

పాపాఘ్ని నది కొండలను చీల్చుకొని పోయే ఆ ఇరుకులో, రెండు గట్ల మీద నిలువుగా లేచిన కొండల నడుమ, వాయుదేవుడు శ్రీరాముడి రాక కోసం బంగారు తోరణం కట్టాడని స్థలపురాణం. రాముడు బాణపు మొనతో బండ మీద ఆంజనేయుణ్ణి గీసి, చిటికెన వేలు మిగిలి ఉండగానే వెళ్లిపోయాడని కూడా అంటారు. ఆ తోరణం కాలం దగ్గరపడిన పుణ్యాత్ములకే కనబడుతుందట. రాయలసీమ కూడిన దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఉండి, తరువాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో దానిని చూశాడని, చూసిన కొద్ది కాలానికే పోయాడని ఇక్కడ చెప్పుకుంటారు. చూసిన మాట ఎలా ఉన్నా, 1827 జూలై 6న ఆయన పత్తికొండలో కలరాతో చనిపోయిన మాట చరిత్ర. ఆ రోగం తాగే నీటి వెంట వస్తుందని నాటి వైద్యులకే తెలియదు. అంత పెద్ద దొరకు ఆపద ఎటు నుంచి వచ్చిందో చెప్పగలిగినవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడూ లేడన్నమాట.

నేనూ తలెత్తి చూశాను. కరెంటు తీగలు, ఒక గద్ద, ఎండకు తెల్లబారిన ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. హమ్మయ్య అనుకున్నాను. ఒక క్షేత్రానికి పోయి, అక్కడి విశేషం కనబడనందుకు దండం పెట్టుకోవడం నాకు అదే మొదలు.

నేను తీర్చవచ్చినది అమ్మ మొక్కు; తమ్ముడి ఆపరేషను బాగా జరిగితే చేయిస్తానన్న అర్చన. మన మొక్కులన్నీ ఇటువంటివే, కంటికి కనబడిన ఆపదకు మొక్కేవి. మా చేలో శనక్కాయ వామి కదిలించే ముందు నాన్న కట్టెతో నాలుగు దెబ్బలు వేసి "ఆంజనేయా" అనేవాడు. కట్లపాము కరిస్తే నొప్పి పెద్దగా తెలియదు, నిద్రలో కరిస్తే తెల్లవారేసరికి మనిషి ఉండకపోవచ్చు. ఆయన తట్టినప్పుడు ఎన్ని పాములు అవతలి పక్క నుంచి జారిపోయాయో, ఎన్నిసార్లు అసలేమీ లేదో మాకెవరికీ తెలియదు. తెలియనిదానికి మొక్కు ఎలా కడతాం?

అయితే ఈ జిల్లాలో నిలబడి ఇంత ధీమాగా మాట్లాడడం కూడా కష్టమే. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు కార్తీక పౌర్ణమి పూజకని ఏటిగట్టు గుడికి పోయినవాళ్లు కూడా కొట్టుకుపోయారు. వాళ్ల భక్తి నా భక్తి కంటే తక్కువని అనడానికి నాకు నోరు రాదు. అందువల్ల స్వామి నన్ను ప్రత్యేకంగా కాపాడాడని నలుగురిలో చాటుకోలేను. కాని ఆ రెండు నట్లు తలుచుకొని ఆయన ముందు చేతులు కట్టుకొని ఊరకే నిలబడడమూ నా వల్ల కాలేదు.

అమ్మ చెప్పిన పేర్లతో అర్చన అయ్యాక, ఇంకొక్కరికి కూడా చేయించాలని పూజారిగారిని అడిగాను. పేరు, గోత్రం చెప్పమన్నారు. రెండూ తెలియవని, పొద్దున నేనెక్కిన బస్సు డ్రైవరని చెప్పాను. వెనక క్యూలో తోపులాట ఎక్కువవుతున్నా ఆయన విసుక్కోలేదు. "ఏ బస్సు?" అని మాత్రం అడిగారు. కడప నుంచి వేంపల్లెకు వచ్చేదన్నాను. అందులో వచ్చిన అందరి పేరిటా చేద్దామని, రెండో టికెట్టు తీసుకోనివ్వకుండానే తులసి చేతికి తీసుకున్నారు.