వద్దన్న గొలుసు

ఈ వేసవి విశాఖలో మా అమ్మ తన రెండు తులాల గొలుసు తీసి మెడలో వేయబోతే మా అమ్మాయి వెనక్కి జరిగింది. "నాకు చైన్ వద్దు అమ్మమ్మా" అంది.

తర్వాత కారణం నాతో చెప్పింది. స్కూల్లో స్పానిష్ నేర్చుకుంటోంది. స్పానిష్‌లో గొలుసు 'కదేనా'. 'కదేనా పెర్పెతువా' అంటే యావజ్జీవ ఖైదు. దానికి మూలం లాటిన్ 'కతేనా'. రోమన్లు ఖైదీల సంకెళ్లనీ అలాగే పిలిచేవారు. ఇంగ్లీషు 'చైన్' కూడా ఫ్రెంచి మీదుగా అక్కణ్ణుంచి వచ్చిందే.

"మనకి సంకెళ్లు వేరు, గొలుసు వేరు. గొలుసుకట్టు రాత ఉంది, గొలుసుకట్టు చెరువులున్నాయి" అన్నాను. "అవి నీకు తెలిసిన మాటలు, నాకు కాదు" అంది. కోపంగా అని ఉంటే నాకంత బాధ ఉండేది కాదు.

ఇదంతా అమ్మకి ఎలా చెప్పను? "తర్వాత వేసుకుంటుందిలే" అన్నాను. అమ్మ మాట్లాడకుండా కొక్కెం పెట్టుకుని గొలుసు జాకెట్లోకి సర్దుకుంది.

ఆ సాయంత్రం బీచ్ రోడ్డులో నిలబడితే, హార్బర్ బయట లంగరేసిన ఓడలు కనిపించాయి. కతేనా నుంచే వచ్చిన ఇంకో మాట మా అమ్మాయికి చెప్పాను: కాటెనరీ. రెండు కొసలూ పట్టుకుని వదిలిన గొలుసు కిందికి సాగే వంపు అది. గెలీలియో అది పారాబోలాకి, అంటే విసిరిన బంతి గాల్లో గీసే వంపుకి, దగ్గరగా ఉంటుందన్నాడు. సరైన లెక్క 1691లో హైగెన్స్, లైబ్నిట్జ్, యోహాన్ బెర్నూలీ అనే గణితవేత్తలు తేల్చారు. లంగరు గొలుసు తన బరువుతో అలాగే వంగి ఉంటుంది. అల లాగితే ముందు ఆ వంపు సాగుతుంది, ఓడకి కుదుపు తగ్గుతుంది. గొలుసు బిగిస్తే లంగరు పైకి లేచి జారిపోతుంది.

అది శ్రద్ధగా విని, "ఎంత వదలాలో ఎవరు చెప్తారు?" అని అడిగింది. ఓడ గురించే అడిగింది. లోతుని బట్టి, గాలిని బట్టి అన్నాను.

ఇంట్లో తెలుగే మాట్లాడాలని పట్టుబట్టేది నేనే. పండక్కి పరికిణీ వద్దంటే సరేనన్నదీ నేనే. ఏది వదలాలో, ఏది పట్టుకోవాలో ఒక లెక్క ప్రకారం ఎప్పుడూ చేయలేదు. చిన్నప్పుడే అలవాటు చేస్తే వేసుకుంటారని స్నేహితురాళ్లకి చెప్పేదాన్ని. ఇప్పుడు ఎవరైనా అడిగితే, వద్దన్నప్పుడు కారణం అడగమంటాను. కారణం విన్నాక అమ్మమ్మ వైపు ఉండాలో పిల్ల వైపు ఉండాలో మాత్రం చెప్పలేను.