బైపీసీలో ఉండి తెలుగు, ఇంగ్లిష్ చదవడం టైమ్ వేస్టా?

నీట్ రాసేవాళ్లకి హైదరాబాద్‌లో మొదట దొరికే సలహా ఒకటే: సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకో, మార్కులు పడతాయి, మిగతా టైమంతా సైన్స్‌కి పెట్టు. నేను తెలుగే తీసుకున్నాను, ఇంగ్లిష్‌ని కూడా పరీక్ష ముందు రాత్రికి వదిలేయలేదు. అదే బయాలజీలో నన్ను కాపాడిందని గట్టిగా నమ్ముతాను.

ఎలాగో చెప్తాను. నీట్ పేపర్లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, అందులో సగం బయాలజీదే. తప్పు రాస్తే వచ్చే 4 పోవడమే కాదు, ఉన్నదాంట్లో ఇంకో మార్కు పోతుంది. బయాలజీలో చాలామందికి సమాధానం తెలియక కాదు, 'సరికాని వాక్యం ఏది' అన్నదాన్ని హడావిడిలో 'సరైన వాక్యం' అనుకుని పెట్టేస్తారు. రెండు స్టేట్‌మెంట్లు ఇచ్చి ఏది కరెక్టో తేల్చమన్నప్పుడూ ఇదే గొడవ. రోజూ పేరాలు పేరాలు చదివే అలవాటున్నవాళ్ల కన్ను ఆ 'కాని' దగ్గర ఆగుతుంది.

ఇంకొకటి, మలేరియా పాఠమే తీసుకోండి. దోమ కుట్టగానే స్పోరోజోయిట్లు, అంటే దోమ నుంచి మనలోకి వచ్చే మలేరియా పరాన్నజీవి రూపాలు, ముందు కాలేయానికి పోతాయి, తర్వాత ఎర్ర రక్తకణాల్లోకి, ఆ కణాలు పగిలినప్పుడు హీమోజోయిన్ అనే విషపదార్థం విడుదలై చలి జ్వరం వస్తుంది. నేను పుస్తకం మూసి దీన్ని తెలుగులో కథలా చెప్పుకునేదాన్ని. దోమలో ఈ పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, ఆయన కవిత్వం కూడా రాసేవాడు అని తెలిశాక ఆ పాఠం మళ్లీ బట్టీ పట్టాల్సిన పని రాలేదు.

అలాగని ఫిజిక్స్‌కి ఇది పనికిరాదు. అక్కడ లెక్కలు చేయాల్సిందే, వేరే దారి లేదు. అందుకే పొద్దున బుర్ర ఫ్రెష్‌గా ఉన్నప్పుడు ఫిజిక్స్, తర్వాత కెమిస్ట్రీ, మధ్యాహ్నం బయాలజీ పెట్టుకున్నాను. చిక్కడపల్లి లైబ్రరీలో సాయంత్రం అందరూ టీకి లేచినప్పుడు పేపర్లో ఎడిటోరియల్ ఒకటి, తెలుగు పాఠం కొంచెం, అంతే. చివరి రెండు నెలలు ఎడిటోరియల్ ఆపేశాను, మాక్ టెస్టులకే టైమ్ చాలదు.

ఇంట్లోవాళ్లు 'డాక్టర్‌కి పద్యాలెందుకమ్మా' అంటే టెన్షన్ పడకండి. 2019 నుంచి ఎంబీబీఎస్‌లోనే పేషెంట్‌తో మాట్లాడటం, నైతికత మీద విడిగా మాడ్యూల్ ఉంది. పైగా ఇంటర్‌లో ఇంగ్లిష్ పాసవ్వకపోతే ర్యాంకు వచ్చినా అడ్మిషన్‌కి అర్హత ఉండదు.

తెలుగు మీడియం తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. పేపర్ తెలుగులోనూ ఇస్తారు, కానీ అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్‌లో ఉన్నదే ఫైనల్. కాబట్టి ప్రాక్టీస్ చేసేటప్పుడే రెండు భాషల్లోనూ ప్రశ్న చదవడం అలవాటు చేసుకోండి, ముఖ్యంగా బోటనీ పదాలకి.